మన పిల్ల కొట్టు

ఖుర్సీపార్, భిలాయి
2 ఫిబ్రవరి 2025

చిరంజీవి హేమమాలినికి మీ జోగమ్మత్త దీవించి రాస్తున్నది.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, ఇద్దరం గుండ్రాయిలా ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు "అత్తా, మీటింగ్‌లో ఉన్నా" అని దొంగలా గుసగుసలాడతావు. మీ మావయ్య ఫోన్ అందుకుంటే, రైల్ మిల్లులో క్రేన్ నడిపిన గొంతు కదా, మన ఇంటి సంగతులు పవర్‌హౌస్ స్టేషన్లో బండి దిగినవాళ్ళకి కూడా తెలిసిపోతాయి. అదీకాక నీ తెలుగు రోజురోజుకీ పల్చబడుతోంది. మొన్న "అత్తా, తబియత్ ఎలా ఉంది" అన్నావు. ఈ వరండాలో కూర్చోబెట్టి నీకు అఆలు దిద్దించింది ఇందుకేనా? ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతాను.

అసలు సంగతికి వస్తాను. మే నెలాఖరుకి మీ మావయ్య రిటైరవుతున్నారు. ఆ శనివారం సాయంత్రం మిల్లువాళ్ళు మెడనిండా దండలు వేసి, గులాల్ చల్లి, బ్యాండు మేళంతో ఇంటికి తీసుకొస్తారు. మర్నాడే షష్టిపూర్తి పెట్టుకున్నాం. అంటే ఈ వయసులో నేను మళ్ళీ పెళ్ళికూతురినవుతున్నానన్నమాట. నవ్వకు. పీటల పక్కన నిలబడి కూతురు చెయ్యాల్సినవన్నీ నువ్వే చెయ్యాలి. మాకు పిల్లలు లేని లోటూ, నీకు అమ్మానాన్నా లేని లోటూ ఒకే ఇంట్లో తీరాయి కదా. నువ్వు లేకపోతే ఆ పెళ్ళి నాకొద్దు, మొదటి పెళ్ళితోనే సరిపెట్టుకుంటాను.

ఇక మన కొట్టు విశేషాలు. నీకు బెంగళూరులో ఆ పెద్ద ఆన్‌లైన్ కంపెనీలో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి నేను ఊరుకోలేదు. "మన పిల్ల కొట్టు ఉండగా పరాయి కొట్టులో కొంటారా?" అని మన క్వార్టర్ల లైనంతా తిరిగాను. అయినవాళ్ళు కొట్టు పెడితే అక్కడే కొనాలి, అది మన శ్రీకాకుళం వాళ్ళ ధర్మం. ఇప్పుడు మన లైన్లో సబ్బుల దగ్గర్నుంచి కుక్కరు దాకా అన్నీ మన కొట్టువే.

ఒక్కటే చిక్కు వచ్చింది. మన లైన్లో సగం ఇళ్ళలో పగలు మగాళ్ళు పడుకుంటారని నీకు తెలుసు. నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి నిద్ర చెడితే ఇల్లు ఇల్లంతా చెడుతుంది. పార్సిల్ తెచ్చే సాహూ భయ్యా ఒకరోజు భాగ్యరేఖ ఇంటి బెల్లు నొక్కాడు. భాగ్యరేఖ చీపురు పట్టుకునే బయటికొచ్చింది. "ఏటి బాబూ, మా ఆయన్ని లేపీడానికి వచ్చావా?" అంది. అప్పటినుంచీ ఎవరికేం కావాలన్నా నా ఫోన్లోంచి, నా పేరు మీద, నా గుమ్మానికే వస్తుంది. నేను పగలు పడుకోను కదా. చెప్పులైతే మణిమాల కాలు ఏ సైజో దాని దేవుడికే తెలియాలి. అందుకని అన్ని సైజులూ తెప్పిస్తాం. వరండాలో తొడిగి చూసి, సరిపోనివి తిప్పి పంపేస్తాం. గాజులవాడు వస్తే మాత్రం నాలుగు రకాలు తొడిగి చూడమా?

మీ యజమానికి చెప్పు, అట్టపెట్టెలు మరీ పెద్దవి పంపుతున్నారు. లిప్‌స్టిక్కుకి ఫ్రిజ్ పట్టేంత పెట్టె ఎందుకు?

నీ అత్త
జోగమ్మ

తా.క. ఉల్లిపాయ వడియాలు పెట్టాను. నీకు దాచాను. మీ మావయ్యకి ఆ డబ్బా ఎక్కడుందో చెప్పలేదు.


బెంగళూరు
14 ఫిబ్రవరి 2025

అత్తకు వెయ్యి దండాలు.

ఎర్రసిరాకి భయపడి ఈ ఉత్తరం మూడుసార్లు చిత్తు రాసుకున్నాను. అయినా తప్పులుంటాయి, దిద్దు. షష్టిపూర్తికి నేను రాకపోవడమేమిటి? ఆ వారం సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను. పెళ్ళికూతురు ఎక్కువ సిగ్గుపడకూడదు, మావయ్య కంగారుపడతారు.

నీ వరండా కథ చదివి ఆఫీసులోనే పడిపడి నవ్వాను. కానీ అత్తా, కొట్టు నాది కాదు. ఇక్కడ వేలమంది పనిచేస్తాం. నేను రోజూ చూసే యజమాని అంటే మా బాసు శశిధర్ గారే, ఆయనకి కూడా పైన ఇంకో పది అంతస్తులున్నాయి. అట్టపెట్టె సంగతి ఆయనకి చెప్తే ఆయన ఇంకొకరికి మెయిల్ పెడతారు, నా మనవరాలి పెళ్ళికి జవాబొస్తుంది.

ఇక్కడ అందరికీ ఇప్పుడొక బెంగ పట్టుకుంది. సస్తీగల్లీ అని ఒక చవక యాప్ వచ్చింది. మేం ఈ రోజు చెప్తే రేపు తెస్తాం, వాళ్ళు వారం పది రోజులు తీసుకుంటారు. మా దగ్గర పేరున్న కంపెనీల సరుకు, వాళ్ళ దగ్గర ఊరూపేరూ లేని సరుకు. మేం అమ్మేవాళ్ళ దగ్గర వాటా తీసుకుంటాం, వాళ్ళు తీసుకోరట, ప్రకటనల మీద బతుకుతారట. అందుకే అక్కడ చవక. మా లెక్క ప్రకారం జనం మా దగ్గరే ఉండాలి. కానీ చిన్న ఊళ్ళలో అందరూ గంపగుత్తగా అటు వెళ్తున్నారు. దానికి పోటీగా మా యాప్‌లోనే ఒక మూల చవక సరుకు పెడదామా అని ఆలోచిస్తున్నారు. నువ్వేమంటావు?

నా పని వేరు. మా జట్టు ఈ మధ్య ఒక జల్లెడ తయారుచేసింది. జల్లెడ అంటే కంప్యూటర్లో అనుకో. కొందరు గోడౌన్లు పెట్టుకుని, మామూలు ఇంటి మనుషుల్లా నటించి, ఒకే పేరు మీద గుట్టలు గుట్టలుగా కొంటారు. వాడుకుని గుట్టలుగా తిప్పి పంపుతారు. ఆ దొంగల్ని అది దానంతటదే పట్టి తలుపు మూసేస్తుంది. దానికి సగం ఆలోచన నాదే! శశిధర్ గారు అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. నాకు సిగ్గేసింది గానీ లోపల లడ్డూలు పగిలాయి. ఇది హిందీ మాట, తెలుగు కాదని తెలుసు, దిద్దకు.

వడియాల డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు. పాత కూలర్ వెనక.

నీ హేమ


ఖుర్సీపార్
20 మార్చి 2025

చి.ల.సౌ. హేమమాలిని గారికి,

ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.

జల్లెడ సంగతి రాశావు. చాలా బాగా పనిచేస్తోంది. సంతోషం. కొట్టు నీది కాదన్న మాట కూడా రాశావు. అది ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇక్కడ మన లైనువాళ్ళకి కూడా అర్థమైంది, అందరూ వరండా దగ్గర నిలబడి చూశారు.

చవక సరుకు మూల గురించి అడిగావు. పట్టుచీరల షాపులో ఒక మూల బల్ల మీద సేలు గుడ్డలు పోస్తే, ఆ బల్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళని మిగిలినవాళ్ళు ఎలా చూస్తారో నీకు తెలియనిది కాదు. ఆ పైన మీ ఇష్టం, కొట్టు మీది.

మీ మావయ్య నిన్ను అడిగినట్టు రాయమన్నారు. రాశాను.

జోగమ్మ


బెంగళూరు
1 ఏప్రిల్ 2025

అత్తా, అత్తా, అత్తా,

"హేమమాలిని గారికి" అని రాస్తావా? ఆ "గారు" చూసి నాకు జ్వరం వచ్చినంత పనైంది. నన్ను ఎప్పుడైనా అలా పిలిచావా? చిన్నప్పుడు మైత్రీబాగ్‌లో పులి బోను దగ్గర నేను తప్పిపోతే కూడా మైకులో "ఒసే హేమీ" అనే కదా పిలిపించావు.

ఎందుకు కోపమొచ్చిందో అర్థమైంది. కొట్టు నాది కాదని రాసి నీ మనసు కష్టపెట్టాను. లైనంతా తిరిగి గొప్పగా చెప్పుకున్నావు, నేను ఒక్క మాటతో తేలిక చేసేశాను. ఆ ముక్క నువ్వు పైకి చదివితే వరండాలో అందరూ విన్నారన్నమాట. పొరపాటైంది. కొట్టు నాదే, చాలా? జల్లెడని మెచ్చుకున్నావు, అందుకు మాత్రం చాలా థాంక్స్. నీ నోటినుంచి మెచ్చుకోలు రావడమంటే మాటలా!

కోపం పోవడానికి పెళ్ళికూతురికి చీర పంపుతున్నాను. మన కొట్టులోంచే. అరిటాకు పచ్చ, మామిడిపిందెల అంచు. మూడు రోజుల్లో నీ వరండాలో ఉంటుంది చూడు. మా కొట్టు మాట తప్పదు.

ఉగాది పచ్చడిలో ఈసారి నేను వేపపువ్వు బదులు మెంతులు వేశాను. ఇక్కడ అపార్ట్‌మెంట్లో ఎవరూ కనిపెట్టలేదు.

ఒక చిన్న సంగతి. భాగ్యరేఖ పిన్ని వాట్సాప్‌లో శుభలేఖ ఫోటో పెట్టింది. పై సగమే పడింది, వినాయకుడి బొమ్మా మావయ్య పేరూ. చాలా బాగుంది. నాకింకా రాలేదు. పోస్టులో ఉండి ఉంటుంది.

నీ హేమీ


ఖుర్సీపార్
19 ఏప్రిల్ 2025

హేమీకి,

"గారు" తీసేశాను. కానీ కోపం తీసెయ్యలేదు.

మూడు రోజులన్నావు. వారం చూశాను. రోజూ తలదువ్వుకుని వరండాలో కూర్చున్నాను. సాహూ భయ్యా సైకిల్ బెల్లు కొట్టుకుంటూ మన గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. ఎనిమిదోరోజు నేనే ఆపి అడిగాను. "అమ్మాజీ, చీరొక్కటి ఊళ్ళోకి వచ్చింది, కానీ మీ అడ్రస్ చూడగానే మిషన్ ఎర్రగా అయిపోయింది, వాపస్ చలా గయా, వెనక్కెళ్ళిపోయింది" అన్నాడు. ఇంక ఊరుకోను, మొదటినుంచీ రాస్తాను, విను.

మార్చిలో ఒక పొద్దున్న మీ కొట్టు నా ఫోన్లో ఒక ముక్క పెట్టింది. "ఈ చిరునామా మీద అనుమానం ఉన్నందున ఇకపై సరుకు పంపలేము." అనుమానమట! మణిమాల చెప్పులు, భాగ్యరేఖ కుక్కరు, ఛాయా దీదీ మనవడి రెయిన్‌కోటు, దారిలో ఉన్నవన్నీ వెనక్కి మళ్ళించారు. వరండా మీద పెట్టిన పెట్టె కూడా సాహూ భయ్యా తల వంచుకుని ఎత్తుకుపోయాడు. లైనంతా చూస్తోంది. "ఏటి జోగమ్మా, మేనకోడలు తలుపు మూసీసిందేటి?" అని మణిమాల అడిగితే నేనేం చెప్పను? నీ ఉత్తరంలో దొంగల్ని పట్టే జల్లెడ గురించి చదివి వారం కాలేదు. అత్తని పట్టి చప్పట్లు కొట్టించుకున్నావనుకున్నాను. నీకు తెలియకుండా జరిగిందని ఇప్పటికీ నా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు, కానీ చీర పంపానన్నావు కాబట్టి సగం ఒప్పుకుంది.

మిగిలిన సగం కోపంతో నేను చేసిన పని కూడా చెప్పేస్తున్నాను. సస్తీగల్లీలో చేరాను.

దాచడమెందుకు, చాలా బాగుంది. వాళ్ళు ఒకే గుమ్మానికి ఇన్ని సరుకులేమిటని అనుమానించలేదు సరికదా, "ఇంత మందిని కూడగట్టారా!" అని నాకు గల్లీ దీదీ అని బిరుదు ఇచ్చారు. ఈ వయసులో నన్ను దీదీ అన్నవాళ్ళు వాళ్ళే. నా ఫోటోతో కాగితం వచ్చింది. మీ మావయ్య దాన్ని తన సేఫ్టీ అవార్డు పక్కన తగిలించారు. అందులో ఇరుగుపొరుగు కలిసి కొంటే ధర దిగుతుంది. ఒకావిడ చేరగానే కొంచెం దిగుతుంది, ఇంకొకావిడ చేరితే ఇంకొంచెం. వరండాలో అందరం చుట్టూ చేరి, దిగిన ప్రతిసారీ తంబోలాలో నంబరు తగిలినట్టు కేకలు వేస్తాం. లోపల పడుకున్నవాళ్ళు లేస్తారని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వేస్తాం.

ఆలస్యమంటావా? మాకేం తొందర? రేపటికి కావలసింది సూపేలా బజారులో తెచ్చుకుంటాం. పైగా ఇంకో సుఖముంది. మీ కొట్టు ఏసీ షాపు లాంటిది, మెట్లెక్కాలంటే చీర మార్చుకోవాలనిపిస్తుంది. ఇది నైటీ మీద చున్నీ వేసుకుని వెళ్ళిపోయే వీధి చివరి కొట్టు. ఊరూపేరూ లేని సరుకని ఎవరూ చిన్నచూపు చూడరు, అక్కడ అందరిదీ అదే సరుకు.

అన్నీ బాగున్నాయని అబద్ధమాడను. అట్లపెనం పిడి వంకరగా వచ్చింది, అట్టు తిరగేస్తే పక్కింట్లో పడేలా ఉంది. ఇంకో ముప్పు కూడా వచ్చింది. ధర దిగుతుందని లైనంతా ఒకే రకం చిలకల పరదాలు తెప్పించాం. మీ మావయ్య బి షిఫ్టు నుంచి వచ్చి, చిలకల పరదా చూసుకుని, తిన్నగా భాగ్యరేఖ ఇంట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని, "ఏమే, టీ తెచ్చీ" అన్నారు. భాగ్యరేఖ తెచ్చి ఇచ్చింది కూడా! సగం తాగాక "పంచదార ఎక్కువేసీశావేటి" అని తల ఎత్తారట. ఆ తరవాత పాపం ఆయన పరదాకి ఎర్ర రిబ్బను కట్టుకున్నారు.

నా పెళ్ళిచీర నేనే కొనుక్కున్నాను, సస్తీగల్లీలో. మామిడిపిందెలు లేవు. నెమళ్ళున్నాయి. అవి కొంచెం బాతుల్లా ఉన్నాయి గానీ నాకు నచ్చాయి.

జోగమ్మత్త


బెంగళూరు
30 ఏప్రిల్ 2025

అత్తా,

నీ ఉత్తరం, నేను పంపిన చీర ఒకేరోజు నా బల్ల మీదికి వచ్చాయి. చీర పెట్టె మీద ఎర్రముద్ర ఉంది: అనుమానాస్పద చిరునామా. ఆ ముద్ర ఎలా ఉండాలో మా జట్టులో బొమ్మ గీసింది నేనే. నీ మొదటి ఉత్తరంలో అంతా రాశావు, ఒకే పేరు, ఒకే గుమ్మం, తిప్పి పంపడాలు. చదివి నవ్వుకుని, అదే చేత్తో జల్లెడ గొప్పలు రాశాను. గోడౌన్ అంటే నాకు చీకటి గదులు కనిపించాయి గానీ మన వరండా కనిపించలేదు. నీ ఎర్రసిరా ఇప్పుడు వాడు, నా నెత్తి మీద.

ఆ మధ్యాహ్నమే మీటింగ్. సస్తీగల్లీని ఎలా ఎదుర్కోవాలని పెద్దపెద్దవాళ్ళంతా వచ్చారు. శశిధర్ గారు తెర మీద మ్యాప్ పెట్టారు. భిలాయి మీద ఒక ఎర్రచుక్క. "ఇక్కడ ఒక హోల్‌సేల్ ముఠా ఉండేది, మార్చిలో పట్టుకున్నాం. విచిత్రమేమిటంటే, ఆ ముఠాని మూసిన దగ్గర్నుంచి ఆ చుట్టుపక్కల మన అమ్మకాలు పడిపోయాయి, సస్తీగల్లీవి పెరిగాయి. ముఠా నాయకుడు వాళ్ళతో కలిసిపోయినట్టున్నాడు" అన్నారు. నేను చెయ్యెత్తాను. "సార్, నాయకుడు కాదు, నాయకురాలు. మా అత్త" అన్నాను.

తరవాత నేను నైట్ డ్యూటీ గురించి, భాగ్యరేఖ పిన్ని చీపురు గురించి, మణిమాల పిన్ని కాలి సైజు గురించి, నీ చీర మీద నెమళ్ళ గురించి అన్నీ చెప్పాను. మనం ఒక మనిషి, ఒక ఫోను, ఒక గుమ్మం అని లెక్క వేసుకున్నాం, అక్కడ ఒక గుమ్మానికి ఒక లైను ఉంది అన్నాను. సస్తీగల్లీ మనకంటే చవక కాబట్టి మాత్రమే గెలవడం లేదు, మనం దొంగలన్నవాళ్ళని వాళ్ళు దీదీ అన్నారు కాబట్టి గెలుస్తున్నారు అన్నాను. ఉద్యోగం పోతుందేమోననుకున్నాను. శశిధర్ గారు పగలబడి నవ్వి, "బాతుల్లాంటి నెమళ్ళా?" అని మళ్ళీ చెప్పించుకున్నారు.

నీ గుమ్మం మీద అనుమానం ఆ రోజే తీసేశారు. అలాంటి గుమ్మాలు దేశమంతా ఎన్ని ఉన్నాయో వెతకమని పని నాకే ఇచ్చారు. రాయపూర్ నుంచి మా మనిషి ఒకాయన క్షమాపణ చెప్పడానికి మీ ఇంటికి వస్తాడు. నువ్వు సస్తీగల్లీ వదిలి మాతోనే ఉండేలా నన్ను ఒప్పించమన్నారు. నేను అడగను అత్తా. నీకు నచ్చిన చోట కొనుక్కో.

ఇంకొకటి అడగాలి. చాలా రోజులనుంచి మనసులో ఉంది. శుభలేఖ ఇప్పటికీ రాలేదు. మొదట పోస్టాఫీసుని తిట్టుకున్నాను. తరవాత అర్థమైంది. నలుగురిలో తల వంచుకునేలా చేసినదాన్ని ఎవరు పిలుస్తారు? టికెట్ కొనలేదు. రోజూ యాప్ తెరుస్తాను, దుర్గ్ స్టేషన్ అని కొడతాను, మూసేస్తాను. పిలవని పేరంటానికి రాకూడదని నువ్వే నేర్పావు. కానీ నాకున్న పుట్టిల్లు అదొక్కటే. అక్కడ బ్యాండు మోగుతుంటే నేనిక్కడ మీటింగ్‌లో కూర్చోవాలా? వెనక వరసలో నిలబడి చూసి వెళ్ళిపోతాను, పీటల దగ్గరికి రాను. రావచ్చా?

హేమ


ఖుర్సీపార్
9 మే 2025

ఒసే హేమీ,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తరవాత ఏడ్చాను, తరవాత మీ మావయ్యకి చదివి వినిపించాను. ఆయన చెవికి మిషన్ పెట్టుకోకుండా విన్నారు కాబట్టి నేను అరిచి చదవాల్సి వచ్చింది. ఇప్పుడు లైనందరికీ తెలుసు నువ్వెంత వెర్రిదానివో.

ముందు మీ కొట్టు మనిషి సంగతి చెప్తాను. మొన్న పట్టపగలు, ఇక్కడ ఎండకి కాకులు కూడా నోరు తెరుచుకు కూర్చున్న వేళ, టై కట్టుకుని వచ్చాడు, పూలగుత్తీ కేకూ పట్టుకుని. కేకు మీద "సారీ జోగమ్మాజీ" అని రాసి ఉంది, ఎండకి "సారీ" కరిగిపోయి ఉత్త జోగమ్మాజీ మిగిలాను. కూలర్ ముందు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. ఆయన సగం గ్లాసు తాగాడో లేదో, దుర్గ్ నుంచి సస్తీగల్లీ మనిషి స్కూటర్ మీద దిగాడు, మన వరండాకి కట్టడానికి బోర్డు పట్టుకుని. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపు నువ్వు చూసి ఉండాల్సింది. అల్లుళ్ళిద్దరూ ఒకే పండక్కి దిగినట్టుంది.

టై ఆయన మొదలుపెట్టాడు. "అమ్మాజీ, మేం రేపటికల్లా తెస్తాం, అంతా అసలు కంపెనీల సరుకు." ఇటు ఆయన "దీదీ, మేం అందరికీ అందే ధరకి తెస్తాం, మాకు మీ లైనే కంపెనీ" అన్నాడు. "మీ సరుకు రెండు ఉతుకులకి వెలుస్తుంది" అని ఆయన. "మీరు దీదీని చోర్ అన్నారు" అని ఈయన. గొంతులు లేస్తున్నాయి. అంతలో పక్కింటి చిలకల పరదా తొలిగింది.

"ఏటి బాబూ, ఏటా గోల? లోపల మా ఆయన పడుకున్నారు. నైట్ చేసొచ్చారు" అంది భాగ్యరేఖ. చేతిలో ఏముందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక చూడు, రెండు పెద్ద కంపెనీల కొట్లాటా గుసగుసల్లోకి దిగిపోయింది. అరగంట సేపు ఒకరి చెవిలో ఒకరు తిట్టుకున్నారు. మణిమాల నోట్లో కొంగు కుక్కుకుని పడిపడి నవ్వింది. చివరికి నేనే మధ్యలో కూర్చుని చెప్పాను. మీ మావయ్య చెవి మిషన్ బ్యాటరీలు, మందులు, రేపటికి కావలసినవన్నీ మన పిల్ల కొట్టులో తీసుకుంటాం. చెప్పులు తొడిగి చూసేవి కూడా అక్కడే, తిప్పి పంపితే కోప్పడరాదు. పరదాలు, గిన్నెలు, నలుగురం కలిసి కేకలేస్తూ కొనేవి గల్లీలో. బోర్డు మాత్రం ఎవరిదీ కట్టను. ఈ వరండా లైనందరిదీ, నేను అమ్మను. పైగా నెలాఖరుకి అక్కడ మామిడాకులు కట్టాలి, మీ బోర్డులుంటే అడ్డం. ఇద్దరూ తల ఊపారు. వెళ్ళేటప్పుడు టై ఆయన్ని స్టేషన్ దాకా గల్లీ ఆయనే స్కూటర్ మీద దింపాడు. కేకు మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి తినిపించాను. నీ చీర కూడా తిరిగి పంపు. ముహూర్తానికి మామిడిపిందెలు, ముందురోజు సాయంత్రం బ్యాండుకి బాతులు కట్టుకుంటాను.

ఇక నీ శుభలేఖ. నాకు కోపం రాలేదని అనను. వచ్చింది, బాగా వచ్చింది. లైన్లో తలెత్తుకోలేకపోయాను. కానీ కోపమొస్తే అలుగుతాం, మొహం ముడుచుకుని "గారు" అని రాస్తాం. అంతమాత్రాన నువ్వు పరాయిదానివైపోతావా? వెనక వరసలో నిలబడి చూసి వెళ్ళిపోతావా? ఆ ముక్క చదివినప్పుడే నాకు ఏడుపొచ్చింది. ఆ ముక్క ఎర్రసిరాతో కొట్టేశాను.

పిల్లా, నీకు శుభలేఖ పంపలేదు. ఇకముందు కూడా పంపను. భాగ్యరేఖ ఫోటోలో కింద సగం పడలేదన్నావు కదా. షష్టిపూర్తికి తల్లిదండ్రులు తమంతట తాము పిలుచుకోరు, పిల్లలు పిలవాలి. అందుకని ఫిబ్రవరిలో నీ ఉత్తరం అందిన వారానికే మీ మావయ్య ప్రెస్‌కి వెళ్ళి అచ్చువేయించారు. కింద "మా తల్లిదండ్రుల షష్టిపూర్తికి మిమ్మల్ని పిలుచుకుంటున్నది" అని ఉంటుంది. దాని కింద పెద్దక్షరాలతో నీ ఒక్కదాని పేరే ఉంది. మార్చిలో నీ మీద అంత కోపంలో కూడా, పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టి, నీ పేరున్న ఆ శుభలేఖల్నే ఇంటింటికీ పంచాను. మిల్లంతా పంచారు మీ మావయ్య. మొన్న ఆ టై ఆయనకీ గల్లీ ఆయనకీ కూడా చెరొకటి ఇచ్చాను.

పిలిచేదానికి పిలుపెవరు పంపుతారే? ఇంతమందీ నీ మాట మీద వస్తున్నారు. త్వరగా టికెట్ కొనుక్కుని రా, గుమ్మంలో నిలబడి నీ చుట్టాలకి నువ్వే పన్నీరు చల్లాలి.

అత్త